శైవలాలలో డి.ఎన్.ఎ. మరమ్మతు

చెరువు నీటిపై తేలే ఆకుపచ్చని పాచిని మీరు చూసే ఉంటారు. అందులోని శైవలాలకు కిరణజన్య సంయోగక్రియ కోసం సూర్యకాంతి తప్పనిసరి. అయితే ఆ కాంతితో పాటు వచ్చే అతినీలలోహిత కిరణాలు వాటి డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తాయి. ఎండకు దూరమైతే ఆహారం లేదు, ఎండలో ఉంటే హాని తప్పదు. ఈ చిక్కు నుంచి అవి ఎలా బయటపడతాయో క్లామిడోమోనాస్ అనే ఏకకణ హరిత శైవలం ఉదాహరణగా తెలుసుకుందాం.

హాని స్వభావం: ఒకే పోచపై పక్కపక్కన ఉన్న రెండు థైమిన్ క్షారాలు అతినీలలోహిత కిరణాల శక్తిని గ్రహించి ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకుంటాయి. దీనిని థైమిన్ డైమర్ అంటారు. డైమర్ ఉన్న చోట డి.ఎన్.ఎ. ప్రతికృతి ఆగిపోవచ్చు, లేదా తప్పు క్షారం చేరి ఉత్పరివర్తనం కలగవచ్చు. క్లామిడోమోనాస్ శాకీయ కణం ఏకస్థితికం. కేంద్రకంలోని జన్యువు చెడితే దాని బదులు పనిచేయడానికి రెండో ప్రతి ఉండదు. అందువల్ల మరమ్మతు దానికి ప్రాణావసరం.

1. ఫోటోరియాక్టివేషన్: ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ డైమర్‌ను గుర్తించి దానికి అంటుకుంటుంది. నీలికాంతి శక్తితో ఒక ఎలక్ట్రాన్‌ను డైమర్‌కు అందిస్తుంది. అదనపు బంధాలు తెగి, థైమిన్‌లు యథాస్థితికి వస్తాయి. ఎలక్ట్రాన్ తిరిగి ఎంజైమ్‌కు చేరుతుంది. ఇక్కడ పోచను ఎక్కడా కత్తిరించలేదని గమనించండి. ఈ దృగ్విషయాన్ని 1949లో ఆల్బర్ట్ కెల్నర్ స్ట్రెప్టోమైసిస్‌లో గుర్తించారు. ఫోటోలయేజ్ పనితీరును వివరించిన అజీజ్ సంజార్ 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకున్నారు.

2. న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ రిపేర్: ఇందులో ఎంజైమ్‌లు డైమర్‌కు ఇరువైపులా పోచను కత్తిరించి ఆ ముక్కను తొలగిస్తాయి. డి.ఎన్.ఎ. పోలిమరేజ్ ఎదుటి పోచను ఆధారంగా చేసుకొని ఖాళీని పూరిస్తుంది. లైగేజ్ అతుకు వేస్తుంది. దీనికి 'చీకటి మరమ్మతు' అనే పేరు ఉన్నందున ఇది రాత్రి మాత్రమే జరుగుతుందని రాయకండి. దీనికి కాంతి అవసరం లేదని మాత్రమే ఆ పేరుకు అర్థం. ఇది పగలు కూడా జరుగుతుంది.

మానవులలో ఫోటోలయేజ్ లేదు. డైమర్‌లను తొలగించడానికి మనం రెండో విధానంపైనే ఆధారపడతాం. అది పుట్టుకతో లోపించిన జీరోడెర్మా పిగ్మెంటోసమ్ వ్యాధిగ్రస్తులకు చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. పాచిలోని ఒక్క కణానికి ఉన్న సౌకర్యం మనకు లేదన్నమాట.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అతినీలలోహిత కిరణాలకు గురిచేసిన క్లామిడోమోనాస్ కణాలను రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని నీలికాంతిలో, రెండో భాగాన్ని చీకటిలో ఉంచారు. ఏ భాగంలో ఎక్కువ కణాలు బతుకుతాయి? చీకటిలోనూ కొన్ని బతకడానికి కారణమేమిటి?