పోటీలో కుదిరిన జత

పిల్లలూ! మీలో ఎంతమంది గండికోట చూశారు? కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడ పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకుని, లోతైన ఇరుకు దారిలో పారుతుంది. కొండల మధ్య పడిన అలాంటి సందునే గండి అంటారు. గండి పక్కన కట్టిన కోట కనక అది గండికోట అయింది. కోట అంచున నిలబడితే ఎదుటి గట్టు చాలా దగ్గరగా కనిపిస్తుంది. గట్టిగా పిలిస్తే అవతలివాడు పలుకుతాడనిపిస్తుంది. కాని దాటి వెళ్ళటం ఎలా? మధ్యన గండి ఉన్నదాయె!

వీడియో ఆటల లోకంలో కూడా ఒకప్పుడు ఇలాగే రెండు గట్లు ఉండేవి. రెండూ జపాను దేశంలోవే. ఒక గట్టు మీద నింటెండో అనే కంపెనీ, రెండో గట్టు మీద సేగా అనే కంపెనీ. ఈ గట్టు మనిషి ఆ గట్టుకు పోయేవాడు కాడు. చివరకు ఇద్దరూ ఒకే మైదానంలో పరుగు పందెం పెట్టుకున్నారు. అది ఎలా జరిగిందో చెబుతాను వినండి.

నింటెండో కంపెనీ 1889లో క్యోటో నగరంలో పుట్టింది. అప్పుడు అది చేసినవి వీడియో ఆటలు కావు, పేకముక్కలు! ఎన్నో ఏళ్ళ తరవాత అది వీడియో ఆటలలోకి దిగింది. 1981లో ఆ కంపెనీలో పనిచేసే షిగెరు మియమోటో అనే చిత్రకారుడు ఒక ఆటకోసం చిన్న మనిషి బొమ్మను తయారుచేశాడు. ఆనాటి తెరమీద బొమ్మలన్నీ కొద్దిపాటి చుక్కలతోనే గీయాలి. అన్ని తక్కువ చుక్కలతో నోరు గీస్తే తెలియదు, జుట్టు గీస్తే కదలదు. అందుచేత మియమోటో ఆ మనిషికి నోటికి బదులు మీసం పెట్టాడు, జుట్టుకు బదులు టోపీ పెట్టాడు. మొదట వాడికి సరి అయిన పేరు కూడా లేదు, గెంతేవాడు గనక జంప్‌మన్ అన్నారు. తరవాత మేరియో అయ్యాడు. గొట్టాలు బాగుచేసే పనివాడుగా లోకమంతా పేరు పొందాడు. చూశారా, చుక్కలు చాలకపోవటమే అతని ముఖానికి అందం తెచ్చింది!

మేరియో పేరు మోగిపోతుంటే సేగా కంపెనీ వారికి నిద్ర పట్టలేదు. తమకూ అలాంటి బొమ్మ ఒకటి కావాలి. 1991లో వారు సానిక్ అనే నీలిరంగు జంతువును దింపారు. హెడ్జ్‌హాగ్ అనే చిన్న జంతువు ఒంటినిండా ముళ్ళతో ఉంటుంది, భయం వేస్తే బంతిలాగా చుట్టుకుపోతుంది. సానిక్ అదే జాతి. కాని అతనికి భయమన్నది తెలియదు, పరుగు ఒక్కటే తెలుసు. మేరియో నింపాదిగా గెంతుతూ పోతే సానిక్ గాలిలాగా దూసుకుపోతాడు. అమెరికాలో సేగా తన ప్రకటనలలో నింటెండోను పేరుపెట్టి మరీ ఎగతాళి చేసింది. బళ్ళలో పిల్లలు కూడా రెండు జట్లయి, మా వాడు గొప్పంటే మా వాడు గొప్పని పోట్లాడుకున్నారు.

పదేళ్ళు గడిచాయి. సేగా చేసిన ఆట యంత్రాలు తగినన్ని అమ్ముడు కాలేదు. నష్టాలు పెరిగాయి. 2001లో సేగా వారు, “ఇక మేము యంత్రాలు చెయ్యము, ఆటలు మాత్రమే చేస్తాము,” అని లోకానికి చెప్పేశారు. అయితే ఆ ఆటలు ఎవరి యంత్రాలలో నడవాలి? ఇతరుల యంత్రాలలోనే! ఆ ఏడాది చివరనే సానిక్ ఆట ఒకటి నింటెండో యంత్రం మీదికి వచ్చింది. నిన్నటిదాకా ఎగతాళి చేసిన వారి గడప తొక్కటం ఎంత కష్టమో ఆలోచించండి. కాని సేగా వారు అభిమానానికి పోలేదు. నింటెండో వారు తలుపు మూయలేదు.

ఇక ఇద్దరినీ ఒకే ఆటలో చూడాలని అందరికీ కోరిక పుట్టింది. ఐతే కొట్లాట పెడితే పాత పగ రేగుతుంది. ఓడినవాడి అభిమానులు ఊరుకోరు. వారిద్దరూ కలవటానికి తగిన చోటు ఏది? ఆటల మైదానమే! 2008లో చైనా రాజధాని బీజింగులో ఒలింపిక్ క్రీడలు జరగనున్నాయి. ఆ క్రీడల పేరుతో వీడియో ఆట చేసే హక్కు సేగాకు వచ్చింది. సేగా వారు నింటెండోను అడిగి, మేరియోను కూడా అందులో చేర్చారు. మియమోటో స్వయంగా పనిని కనిపెట్టి చూశాడు. 2007 నవంబరులో ‘మేరియో అండ్ సానిక్ ఎట్ ది ఒలింపిక్ గేమ్స్’ బయటికి వచ్చింది. అటునుంచి ఎనిమిదిమంది, ఇటునుంచి ఎనిమిదిమంది, మొత్తం 16 మంది ఆటగాళ్ళు. పరుగులు, లాంగ్ జంప్, ఈటె విసురు, విలువిద్య, ఈత, కత్తిసాము, టేబుల్ టెన్నిస్ ఇలా ఎన్నో పోటీలు.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. సానిక్ గాలికంటె వేగంగా పరిగెత్తేవాడు కదా! వంద మీటర్ల పందెంలో అతన్ని అతని వేగంతోనే పరిగెత్తనిస్తే మేరియో గతి ఏమిటి? ‘ఆటలో అరటిపండు’ అయిపోతాడు. ఆటలో ఉన్నా లెక్కలో లేనివాడు అన్నమాట. అలాంటి పందెం ఎవరు చూస్తారు? అలాగని సానిక్‌ను మెల్లగా నడిపిస్తే వాడు సానిక్ ఎలా అవుతాడు?

ఈ చిక్కును విడదీసే ఉపాయం మన తాతముత్తాతలకు ఎప్పుడో తెలుసు. మన పాత గుళ్ళలో, మండపాలలో రాతిపలకల మీద గీతలు చెక్కి ఉండటం చూసే ఉంటారు. అది పులి-మేక ఆట. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకమీదుగా గెంతి, అవతల ఖాళీ ఉంటే దానిని తినేస్తుంది. మేకకు పులిని తినే శక్తి లేదు. అయినా మేకలు ఒకదాని వెనక ఒకటి సర్దుకుని నిలబడి, పులికి అడుగు వేసే చోటు లేకుండా చేస్తే పులి ఓడినట్టే. పులి బలం పులిదే, మేక బలం మేకదే. ఎవరినీ తక్కువ చెయ్యలేదు. అయినా పోటీ సమానంగా ఉన్నది!

మేరియో, సానిక్‌ల ఆటలోనూ అదే పద్ధతి. ఆటగాళ్ళను నాలుగు రకాలుగా విడదీశారు. సానిక్ వేగం గలవాడు. బౌసర్ అనే తాబేటిరాజు బలం గలవాడు. పీచ్ రాకుమారి, టేల్స్ అనే నక్కపిల్ల నేర్పు గలవారు. మేరియో అన్నిటిలోనూ సమంగా ఉండేవాడు. సానిక్‌కు పరుగులో మొగ్గు ఉంటుంది. కాని ఈటె విసరాలంటే బలం కావాలి, బాణం గురి తప్పకుండా ఉండాలంటే నేర్పు కావాలి. పైగా వెనక ఉండి ఆడించే పిల్లవాడు సోమరిగా ఉంటే సానిక్ కూడా ఓడిపోతాడు.

ఆడించటం ఎలాగంటారా? అది తమాషాగా ఉంటుంది. ఈ ఆట వచ్చిన వీ అనే యంత్రానికి చేతిలో పట్టుకునే చిన్న కడ్డీలాంటి పరికరం ఉన్నది. దానిని గబగబా ఊపితే తెరమీద బొమ్మ పరిగెత్తుతుంది. మీ చెయ్యి ఊగినట్టు దానికి ఎలా తెలుసు?

మీరు జమ్మలమడుగు నుంచి గండికోటకు బస్సులో పోతున్నారనుకోండి. చేతిలో లోటా నిండా నీళ్ళున్నాయి. బస్సు తటాలున ఆగితే నీళ్ళు ముందుకు తొణుకుతాయి. తటాలున కదిలితే వెనక్కు తొణుకుతాయి. కళ్ళు మూసుకున్నా సరే, నీళ్ళు తొణికిన తీరును బట్టి బస్సు ఏంచేసిందో చెప్పవచ్చు. ఆ పరికరం లోపల కూడా ఇలాంటిదే ఒకటి ఉన్నది. నీళ్ళకు బదులు సిలికాన్‌తో చేసిన అతి చిన్న బరువు. దానిని అంతకన్నా సన్నని స్ప్రింగులు పట్టుకుని ఉంటాయి. చెయ్యి ఊగితే బరువు ఒక పక్కకు జరుగుతుంది. దాని పక్కన ఉన్న పలకలకూ దానికీ మధ్య సందు మారుతుంది. సందు మారితే అక్కడ నిలవ ఉండే విద్యుత్తు మారుతుంది. ఆ మార్పును కొలిచి యంత్రం మీ ఊపును లెక్కకడుతుంది. దీనినే యాక్సిలరోమీటర్ అంటారు. ఈనాడు పెద్దవాళ్ళ జేబులోని ఫోన్లలో కూడా ఇది ఉన్నది. ఫోనును అడ్డంగా తిప్పితే తెరమీద బొమ్మ కూడా తిరగటానికి కారణం ఇదే.

ఇంకొక వింత వినండి. ఈ పరికరం బల్లమీద కదలకుండా ఉన్నప్పుడు కూడా భూమి ఆకర్షణ మూలాన ఎంతో కొంత చూపిస్తూనే ఉంటుంది. దానిని 300 అడుగుల ఎత్తునుంచి కిందికి వదిలామని ఊహించుకోండి. (ఊహించుకోవటమే సుమా! గండికోట అంచుకు పోయి ఏదీ విసరకూడదు.) గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే అది నేలను చేరటానికి నాలుగు సెకన్లకు కొంచెం పైగా పడుతుంది. పడుతున్నంతసేపూ అది సున్నా చూపిస్తుంది! ఎందుకంటే లోపలి బరువూ, బయటి పెట్టే ఒకే తీరున పడిపోతున్నాయి. ఒకదానిని ఒకటి నెట్టటం లేదు. లోటాతో సహా మీరూ పడిపోతుంటే నీళ్ళు మీకు బరువుగా తోచవు కదా!

మొదటి ఆటకు మంచి పేరు రావటంతో ఆ తరవాత జరిగిన ఒలింపిక్స్‌కు కూడా కొత్త ఆటలు చేశారు. 2019లో టోక్యో క్రీడలకోసం చేసిన ఆటలో ఒక సరదా ఉన్నది. అందులో మేరియో, సానిక్‌లు 1964 నాటి టోక్యో ఒలింపిక్స్‌లోకి వెళ్ళిపోతారు. అక్కడ వారిని తమ తొలినాటి రూపాలలో, చుక్కల బొమ్మలుగానే చూపించారు. అసలు టోక్యో క్రీడలు మాత్రం కోవిడ్ మూలాన ఒక ఏడాది ఆలస్యంగా 2021లో జరిగాయి.

క్రీడలకు బొమ్మ గుర్తులుండటం మనకూ కొత్త కాదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలకు అప్పూ అనే ఏనుగుపిల్ల గుర్తు. 2003లో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలకు షేరూ అనే సింహం గుర్తు. అవి అతిథులను పిలిచే బొమ్మలు. మేరియో, సానిక్‌లు మాత్రం పగవారుగా పుట్టి, ఆటగాళ్ళుగా కలిసిన బొమ్మలు.

ఐతే పిల్లలూ, ఒక మాట. తెరమీద సానిక్ ఎంత పరిగెత్తినా మీ కాళ్ళకు బలం రాదు. చెయ్యి ఊపినంత మాత్రాన చెడుగుడులో కూత పట్టటం రాదు. ఆ ఆట అరగంట ఆడితే, వీధిలో అసలు ఆట గంటసేపు ఆడండి.

మళ్ళీ గండికోటకు వద్దాం. ఈ కోటకోసం ఒకప్పుడు యుద్ధాలు జరిగాయి. 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి చేతినుంచి దీనిని పట్టుకున్నాడు. ఆ సేనలు ఇప్పుడు లేవు. కోటలో మాధవరాయస్వామి గుడీ, జుమ్మా మసీదూ మాత్రం నిలిచి ఉన్నాయి. చూడవచ్చినవారు రెండూ చూసి పోతారు.

ఈసారి ఇలాంటి చోటికి వెళ్ళినప్పుడు, నీడ చూసుకుని నేలమీద సుద్దతో పులి-మేక గళ్ళు గీయండి; పాత రాళ్ళమీద మాత్రం ఏమీ గీయకండి. బడిలో మీతో ఎప్పుడూ పోటీపడే వాణ్ణే ఆటకు పిలవండి. ఒకసారి మీరు పులులు పట్టండి, మరొకసారి మేకలు పట్టండి. వాడు లేకపోతే మీరు గెలిచేదెవరి మీద?