ఎంసెట్ కోచింగ్‌కి వెళ్తే... తెర పిలిచింది!

పచ్చి జీడిగింజలు ఒలవడం మీలో ఎంతమందికి వచ్చో నాకు తెలీదు గానీ, మా ఉద్దానం ఆడవాళ్ళకి అది పుట్టుకతో వచ్చిన విద్య! మార్చి నెల వచ్చిందంటే ప్రతి ఇంటి అరుగు మీదా ఒక కత్తిపీట, ఒక బూడిద చిప్ప, పక్కన గింజల కుప్ప. జీడి సొన తగిలితే చెయ్యి కాలుతుంది, తోలు ఊడుతుంది, వేళ్ళు నల్లబడిపోతాయి. అందుకే బూడిద రాసుకుంటూ ఒలుస్తారు. ఆ పప్పు ములక్కాడలతో కలిపి కూర వండితే ఆ రుచే వేరనుకోండి!

మొన్న వేసవి మొదట్లో డొంకూరు వెళ్ళాను. ఇచ్ఛాపురంలో రైలు దిగి ఆటో ఎక్కితే సముద్రం ఒడ్డున మా పిన్ని వాళ్ళూరు. ఆంధ్రకి ఆ చివర, అటు అడుగు వేస్తే ఒడిశా. చిన్నాన్న ఇంట్లో లేడు. ఈ తీరంలో చాలామంది మగవాళ్ళలాగే ఆయనా గుజరాత్‌లో వెరావల్ బోట్లలో పనికి వెళ్ళి, వానాకాలం చేపల వేట నిషేధం మొదలయ్యే జూన్‌కి గానీ రాడు. ఇంట్లో పిన్నీ, డిగ్రీ రెండో ఏడు చదువుతున్న మా చెల్లీ.

నేను చెప్పులు విప్పానో లేదో పిన్ని అందుకుంది. "ఓలమ్మా, వచ్చావు గదా, దీని గోలేటో నువ్వే అడుగు!"

గోల ఏమిటంటే... మా చెల్లి ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చేస్తుంది. బస్సు కండక్టరునీ, సంతలో బేరమాడే అమ్మమ్మనీ, కాలేజీ లెక్చరర్‌నీ అనుకరిస్తుంది. వాటిని చూసి ఎవరో హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారట. టీవీ సీరియల్లో కథానాయిక చెల్లెలి వేషం ఇస్తాం, ముందు ఫోటోల ఖర్చుకి 25 వేలు పంపండి, నెలాఖరుకి రండి అని. నెలాఖరుకే సెమిస్టర్ పరీక్షలు! ఆ 25 వేలు చిన్నాన్న వెరావల్ నుంచి పంపినవి. తిత్లీ తుఫానుకి పోయిన ఇంటి పైకప్పుకి ఇన్నాళ్ళకి సరిగ్గా రేకులు వేయించుకుందామని దాచినవి.

చెల్లి మాత్రం ఒక్కటే మాట. "అప్పా, కలర్స్ స్వాతి కూడా కాలేజీ నుంచే కదా వెళ్ళింది? ఆవిడకి ఎవరు చెప్పారు?"

పిన్ని నా మొహం చూసింది. నేను కూడా ఒక కత్తిపీట లాక్కుని కూర్చున్నాను.

అనుకోకుండా దొరికిన పేరు

కలర్స్ స్వాతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. 2005 ప్రాంతంలో మా టీవీలో 'కలర్స్' అని ఒక కార్యక్రమం వచ్చేది. ఊపిరి తీసుకోకుండా గలగలా మాట్లాడే ఒక సన్నటి అమ్మాయి. వంటింట్లో పోపు వేస్తూ కూడా ఆ గొంతు వినబడగానే టీవీ వైపు తల తిప్పిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ కార్యక్రమం పేరే ఆమెకి ఇంటిపేరైపోయింది!

స్వాతి పుట్టింది ఎక్కడో తెలుసా? రష్యాలోని వ్లాదివోస్తోక్‌లో, 1987 ఏప్రిల్‌లో. తండ్రి భారత నౌకాదళంలో అధికారి. జలాంతర్గామి శిక్షణకి అక్కడికి వెళ్ళిన రోజులవి. పాపకి మొదట స్వెత్లానా అని అక్కడి పేరే పెట్టారట. తర్వాత స్వాతి అయింది. ఆ పైన ముంబయి, తర్వాత విశాఖపట్నం. బాల్యం ఎక్కువగా విశాఖలోనే గడిచింది. అంటే మన సముద్రం పక్క పిల్లే!

మరి సినిమాల కోసమా హైదరాబాద్ వెళ్ళింది? కాదు. ఎంసెట్ కోచింగ్ కోసం! ఆ రోజుల్లో మన ఇళ్ళలో తెలివైన పిల్ల ఉందంటే ఎంసెట్ తప్ప ఇంకో మాట ఉండేదా? అందరిలాగే ఆమే వెళ్ళింది. తర్వాత యూసుఫ్‌గూడ సెయింట్ మేరీస్ కాలేజీలో బయోటెక్నాలజీ డిగ్రీలో చేరింది. ఆ చదువుల రోజుల్లోనే, ఇరవై ఏళ్ళు నిండకముందే, 'కలర్స్' అవకాశం వచ్చింది. నటన నేర్పే బడికి పోలేదు, సినిమా ఇంట్లో పుట్టలేదు. ఉన్నదల్లా మాట్లాడే ధాటి, కెమెరా ముందు బెదరని స్వభావం.

టీవీలో చూసిన మొహం సినిమా వాళ్ళ కంట పడకుండా ఉంటుందా? 2005లో కృష్ణవంశీ 'డేంజర్' సినిమాలో తీసుకున్నారు. స్నేహితుల బృందం ఒక రాత్రిలో చిక్కుకునే కథ అది. ఆ తర్వాత ఏకంగా కథానాయిక అయిపోయింది అనుకుంటున్నారేమో... లేదు. తర్వాతి సినిమా 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' 2007లో. అందులో నాయిక త్రిష. స్వాతిది చెల్లెలి వరస పాత్ర. ఇప్పుడు మా చెల్లికి ఇస్తామన్నదీ అలాంటి వేషమే, కాకపోతే ఆమెని ఎవరూ 25 వేలు కట్టమనలేదు!

2008 ఆమె సంవత్సరం. ఒకే ఏడాదిలో మూడు రకాలుగా వినబడింది, కనబడింది. 'జల్సా'లో ఇలియానాకి గొంతు ఇచ్చింది. మొహం లేకుండా గొంతు ఒక్కటే! జూలైలో తమిళంలో 'సుబ్రమణ్యపురం'. ఎనభైల నాటి మధురై వీధుల కథ. దర్శకుడు శశికుమార్‌కి అది మొదటి సినిమా. అందులో స్వాతి పరికిణీ, ఓణీ వేసుకుని, ఎక్కువ కళ్ళతోనే మాట్లాడుతుంది. గలగలా మాట్లాడి పేరు తెచ్చుకున్న పిల్ల చేత మాట్లాడించకుండా నటింపజేశారన్నమాట. అది తెలుగులో 'అనంతపురం 1980'గా వచ్చింది. సెప్టెంబరులో ఇంద్రగంటి మోహనకృష్ణ గారి 'అష్టా చమ్మా'. మహేష్ బాబు మీద పిచ్చి అభిమానంతో, మహేష్ అనే పేరున్నవాణ్ణే పెళ్ళాడతానని భీష్మించుకున్న లావణ్య! నానికీ, అవసరాల శ్రీనివాస్‌కీ అదే తొలి సినిమా. మూలం ఆస్కార్ వైల్డ్ ఇంగ్లీషు నాటకం అని చెబితే నమ్మలేం, అంత తెలుగుగా ఉంటుంది. స్వాతికి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి, రాష్ట్ర ప్రభుత్వ నంది... రెండూ వచ్చాయి.

ఇక్కడ నాకు తోచిన మాటొకటి. ఆ ఏడాది ఆమె వయసు 21. మన ఇళ్ళలో ఆ వయసుకి డిగ్రీ పూర్తయి, "ఇక సంబంధాలు చూడాలి" అనే వయసు.

ఆ పైన మలయాళంలో 2013లో 'ఆమెన్', జాతీయ పురస్కారం అందుకున్న 'నార్త్ 24 కాదం', తెలుగులో అదే ఏడాది 'స్వామి రారా', 2014లో 'కార్తికేయ'. తమాషా ఏమిటంటే 'కార్తికేయ' కథ జరిగే ఊరి పేరు కూడా సుబ్రహ్మణ్యపురమే! 2017లో 'లండన్ బాబులు' తర్వాత చాన్నాళ్ళు తెర మీద కనబడలేదు. మళ్ళీ 2022లో 'పంచతంత్రం', 2023లో 'మంత్ ఆఫ్ మధు'. ఈ ఎడాన్ని కొందరు 'వెనకబడింది' అంటారు. నాకైతే అలా అనిపించదు. మనం పిల్లల పరీక్షలనీ, అత్తగారి ఆపరేషననీ కుట్టుమిషను నాలుగేళ్ళు మూలన పెట్టి మళ్ళీ తీయలేదూ?

చదువు వదలని ఇంకో పిల్ల

"ఆవిడ సంగతి సరే. చదువు పోయినట్టేనా?" అంది పిన్ని. ఆమె భయమంతా అదే. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల మా చెల్లి.

అప్పుడు సాయిపల్లవి సంగతి చెప్పాను. ఆమె మన తెలుగు పిల్ల కాదు, కోయంబత్తూరులో పెరిగింది. కానీ మా తీరం వాళ్ళకి ఇప్పుడు ఆమె పరాయిది కాదు. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి చిక్కిన శ్రీకాకుళం మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ ఉదంతం ఆధారంగా 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్'లో, మగవాడి కోసం ఒడ్డున ఎదురు చూసే మా పిల్లగా నటించింది. తండేల్ అంటే బోటులో అందరికీ పెద్ద. దర్శకుడు 'కార్తికేయ' తీసిన చందూ మొండేటే. పిన్ని ఆ సినిమా చూసి రెండు రోజులు అన్నం తినలేదని చెల్లి చెప్పింది. ఎందుకో మీకు వేరే చెప్పాలా?

సాయిపల్లవికి చిన్నప్పటి నుంచీ డాన్సంటే ప్రాణం. ఈటీవీ 'ఢీ'లో పోటీ చేసింది కూడా. అయినా ఇంట్లో అనుకున్నది డాక్టరు చదువు. జార్జియా దేశంలో తిబిలిసీకి పంపారు. అక్కడ చదువుతుండగా 'ప్రేమమ్' దర్శకుడు ఆల్ఫోన్స్ పుత్రెన్ వేషం ఇస్తానన్నారు. సెలవుల్లో వచ్చి నటించి, తిరిగి వెళ్ళి పుస్తకాల ముందు కూర్చుంది! 2015 మేలో సినిమా విడుదలై కేరళ అంతా మలర్ టీచర్ అని ఊగిపోయినా, చదువు వదల్లేదు. 2016లో వైద్య పట్టా చేతికొచ్చాకే 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా'తో మన దగ్గరికొచ్చి, తెలంగాణ యాసలో తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పుకుంది.

పిన్ని కత్తిపీట ఆపింది. "సెలవులకొచ్చి చేసిందా?" అంది. అంతే, ఇంకేమీ అనలేదు.

ఫోన్ ఎవరు చేశారు?

సాయంత్రం దీపాలు పెట్టాక నేనే ఆ ఫోన్ నంబరు కలపమన్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి ఫోన్ రావచ్చు గనక, నేను అడిగినవి చెబుతాను. ఏ ఛానల్? సీరియల్ పేరేమిటి? నిర్మించే సంస్థ ఏది, దాని ఆఫీసు ఎక్కడ? ఒప్పందం కాగితం మీద ముందే పంపుతారా? రోజుకి ఎంత ఇస్తారు, ఎన్ని గంటలు? అమ్మాయితో వాళ్ళమ్మ వచ్చి ఉండొచ్చా? పరీక్షల తర్వాత తేదీలు ఇస్తారా?

పని చేయించుకునేవాడు జీతం ఇస్తాడు గానీ, పని ఇస్తున్నానని మన దగ్గర డబ్బు అడగడమేమిటి చెప్పండి? జయప్రద గారు రాజమండ్రిలో బడి పిల్లగా ఉండగా డాన్సు చూసి 'భూమి కోసం'లో మూడు నిమిషాల పాటకి పిలిచారు. ఇచ్చింది పది రూపాయలేనంటారు. పదైనా వాళ్ళే ఇచ్చారు!

ఇంకో రెండు సంగతులు తల్లులుగా మనకి తెలిసి ఉండాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు నటిస్తే కలెక్టరు అనుమతి కావాలి. రోజుకి అయిదు గంటలు మించి పని చేయించకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద బ్యాంకులో వేయాలి. ఇవి 2017లో వచ్చిన నిబంధనలు. పద్నాలుగు దాటితే ఈ రక్షణ లేదు, ఆ వయసులోనే పిల్లలకి తోడు ఎక్కువ కావాలి! రెండోది, 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ చోటైనా, షూటింగులు చేసే సంస్థైనా సరే, ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. "మీ కమిటీలో ఎవరున్నారు?" అని అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అసలైన సంస్థ అయితే జవాబు చెబుతుంది.

నేను మూడో ప్రశ్న అడిగేసరికే అవతలి గొంతు మారిపోయింది. రేపటిలోగా డబ్బు కట్టకపోతే అవకాశం పోతుందనీ, వెనకాల పది మంది ఉన్నారనీ. ఇంతలో పిన్ని నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. బూడిద చేతులతోనే!

"మా గుంట పని చేత్తే మీరు మాకియ్యాల గానీ, మేమెందుకిత్తాం బాబూ?"

ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేస్తే తీయలేదు.

చెల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కోపమో, సిగ్గో... ఆ వయసులో రెండూ ఒకటే కదా. రాత్రి పనస పొట్టు ఆవ కూరతో భోజనాలైనాయి. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అదే మెల్లగా, "పరీక్షలయ్యాక నాన్న వస్తాడు కదా. అప్పుడు నేనే అడుగుతాను, అప్పా. విశాఖలో నాటకాలు నేర్పేది ఎక్కడో నువ్వు కనుక్కో" అంది. కనుక్కుంటానన్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉందని మాత్రం అప్పుడే చెప్పాను.

పిన్ని గిన్నెలు సర్దుతూ, "ఇన్నాళ్ళూ ఏటి చేత్తన్నావో నాకెప్పుడూ చూపించనేదు గదే" అంది.

చెల్లి ఫోన్ తీసి పిన్ని ముందు పెట్టింది. కంచిలి, సోంపేట, పలాస అని ముక్కుతో అరిచే కండక్టరు, చిల్లర లేదని చేయి విదిలించే తీరు, తలుపు మీద రెండు దెబ్బలు... అచ్చు మేమంతా రోజూ ఎక్కే బస్సే! పిన్ని మొదట గంభీరంగానే చూసింది. తర్వాత నవ్వు ఆగలేదు. నల్లబడ్డ వేళ్ళు కంటికి తగలకుండా మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళీ ఎట్టు... మొదట్నించి ఎట్టు" అంది.