గుండు ధరలో సీసం పాలెంత?

సీసం వ్యాపారులకు బ్యాటరీ కర్మాగారాలే పెద్ద ఖాతాదారులు. అయితే అమెరికాలో ఈ లోహానికి మరొక చిల్లర గిరాకీ ఉంది. వాడిన పిస్తోలు తూటాల ఇత్తడి కేసులను ఏరుకుని, ఇంట్లోనే కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మళ్లీ వాడుకునే అలవాటు అక్కడ దశాబ్దాలుగా ఉన్నది. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఈ పని నేరం. కనుక మనకిది బేరం కాదు గాని, లెక్క మాత్రం లోహ వర్తకులు తెలుసుకోదగినదే.

కేసు చాలాసార్లు పనికివస్తుంది. మిగిలిన మూడింటిలో సాధారణంగా గుండుకే ఎక్కువ ఖర్చు. పొదుపు చేయదలచినవాడు ముందు చూసేది అక్కడే.

గుండ్లను గ్రెయిన్లలో తూస్తారు. తులానికి 180 గ్రెయిన్లన్న పాత లెక్క మన వెండి, బంగారం వర్తకులకు కొత్త కాదు. పౌనుకు 7,000. తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలుకు 115, 124, 147 గ్రెయిన్ల గుండ్లు దొరుకుతాయి. 124 గ్రెయిన్లవి వెయ్యి తూస్తే సుమారు 8 కిలోలు. ఇటీవలి సంవత్సరాలలో లండన్ మార్కెట్లో సీసం టన్ను 2,000 డాలర్ల చుట్టూ తిరుగుతున్నది. ఆ లెక్కన వెయ్యి గుండ్లలోని లోహం విలువ 16 డాలర్లు. చిల్లర కొనుగోలుదారు చెల్లించేది దీనికి కొన్ని రెట్లు. తక్కినదంతా పోత కూలి, పూత, రాగి, పెట్టె, రవాణా, లాభం. సీసం పది శాతం మందగించినా వెయ్యికి తగ్గేది డాలరున్నర పైచిలుకే. 124కు బదులు 115 కొన్నా లోహంలో మిగిలేది డాలరు మాత్రమే. పాయింట్ 45 పిస్తోలు గుండు 230 గ్రెయిన్లు. అక్కడ వెయ్యికి 15 కిలోలు పడుతుంది.

అందుచేత అసలు పొదుపు రకం ఎంపికలో ఉంది. పోత సీసం గుండు అన్నిటికంటె చౌక. పాలిమర్ పూత వేసినది కొంచెం ఎక్కువైనా పొగ, గొట్టంలో సీసం మడ్డి తగ్గుతాయి. రాగి మలాము చేసినదానికి పొర పలచన గనుక తయారీదారు చెప్పిన వేగం మించరాదు. రాగి తొడుగు గుండు ఖరీదైనది; కాగితం గురిమీద సాధనకు అంత అవసరం లేదు. గ్లాక్ వంటి పిస్తోళ్ల ఫ్యాక్టరీ గొట్టాలకు పూత లేని సీసం వాడవద్దన్న హెచ్చరిక ఉంది. ఒక రకానికి చెప్పిన మందు కొలత మరొక రకానికి చెల్లదు. ఆ గుండుకు అచ్చైన పట్టికే చూడాలి. వేలల్లో ఆర్డరు పెట్టే ముందు వంద తెప్పించి చూడడం మేలు.

రవాణా మరొక మెలిక. అమెరికా తపాలా వారి ఒకే రేటు పెట్టెలో 70 పౌన్ల దాకా పంపవచ్చు. 124 గ్రెయిన్లవి మూడు వేలు 53 పౌన్లే. ఒక్కో వెయ్యి చొప్పున తెప్పించేవాడు రవాణా మూడుసార్లు కడుతున్నాడన్నమాట.

సొంతంగా పోసుకునేవారూ ఉన్నారు. పాత కారు చక్రాల తూకపు బిళ్లలు, ప్రెస్సులు ఆఫ్‌సెట్‌కు మారాక మిగిలిన లైనోటైప్ లోహం ఒకప్పుడు వారికి కారుచౌక. ఆ అచ్చు లోహంలో యాంటిమొనీ పన్నెండు, తగరం నాలుగు శాతం; గట్టిదనం వాటివల్లే. నేడు బిళ్లల్లో జింకు, ఇనుము చేరాయి. జింకు కలిస్తే పోత చెడుతుంది. యాంటిమొనీ ధర 2024లో రెట్టింపు దాటింది. ఆ డిసెంబరులో చైనా అమెరికాకు ఎగుమతి నిషేధించి, 2025 నవంబరులో తాత్కాలికంగా సడలించింది. పైగా కరిగే సీసం మడ్డి, ధూళి పిల్లలున్న ఇంట చేటు. వంటింట్లో కొలిమి పెట్టేవాడి పొదుపు డాక్టరు బిల్లుకు సరిపోదు.