దాచుకొన్న కరెంటు – అమ్ముకొంటే లాభమా?

మన పెద్దలు గాదెలలో ధాన్యం దాచుకొన్నారు. ఈనాటి గృహస్థుడు కరెంటును సైతం దాచుకొంటున్నాడు. మేడమీద సౌరఫలకాలు, మెట్ల క్రింద ఇన్వర్టరు, దాని ప్రక్కన బ్యాటరీ – బెంగుళూరు మొదలు బరంపురం దాకా మనవారి ఇళ్ళలో ఇవి వింత వస్తువులు కావు. వీటితోబాటు ఒక ప్రశ్న కూడా ఇంట ప్రవేశించింది. “నిండిన బ్యాటరీని ఊరికే ఉంచడమెందుకు? ఇంట్లో వాడగా మిగిలినది లైనుకు అమ్మితే నాలుగు డబ్బులు రావా?” అని పిల్లలు అడుగుతున్నారు. కాలిఫోర్నియాలో ఉన్న కొడుకో అల్లుడో “ఇక్కడ మేము అమ్ముతున్నాం” అని ఫోనులో చెప్పడమూ కద్దు.

ప్రశ్న మంచిదే. అయితే జవాబు చెప్పేముందు బ్యాటరీ ఆయువు సంగతి కొంత తెలుసుకోవాలి.

ధాన్యం పోసి తీసినంతమాత్రాన గాదె అరిగిపోదు. బ్యాటరీ అటువంటిది కాదు. నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ అది పిసరంత అరుగుతుంది. మన ఇన్వర్టర్లకు చాలాకాలంగా వాడుతున్నది సీసమూ ఆమ్లమూ కలిసిన బ్యాటరీ. దీనిని 1859లో గాస్తోన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. మంచి ట్యూబులర్ బ్యాటరీని ప్రతిసారీ సగం మాత్రమే ఖాళీ చేస్తూ వస్తే సుమారు వేయిసార్లు పనిచేస్తుంది. అడుగంటా పిండితే కొన్ని వందల సార్లకే నీరసిస్తుంది.

రెండవ రకం లిథియం బ్యాటరీ. ఇది 1991లో బజారులోకి వచ్చింది. ఇళ్ళకు ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్నది ఇందులో లిథియం, ఇనుము, ఫాస్ఫేటు చేరిన తరగతి. ఈ పదార్థాన్ని గురించి 1997లో వెలువడిన ప్రసిద్ధ వ్యాసంలో, తరువాత 2019లో నోబెల్ బహుమానం పంచుకొన్న గుడెనఫ్ పేరుతోబాటు పాధి, నంజుండస్వామి అనే పేర్లు కూడా ఉన్నాయి. ఒడిశాలోనూ కర్ణాటకలోనూ ఉంటున్న మన పాఠకుల చెవులకు ఇవి కొత్త పేర్లు కావు గదా! ఈ బ్యాటరీ మూడువేల నుండి ఆరువేల సార్ల వరకు నింపి వాడుకోవడానికి పనికివస్తుంది. ఆ తరువాత హఠాత్తుగా ఆగిపోతుందని కాదు. మొదట పట్టినదానిలో నూటికి 70, 80 పాళ్ళు మాత్రమే పడుతుందని అర్థం.

వాడకపోయినా బ్యాటరీకి వయసు మీరుతూనే ఉంటుంది. ఎండవేడి ఆ వయసును తొందర పెడుతుంది. సీసపు బ్యాటరీ 25 డిగ్రీలకు పైన ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయువులో సగం కోల్పోతుందని ఒక మోటు లెక్క ఉన్నది. దానిని ఖాళీగా వదిలివేయరాదు. డిస్టిల్డు నీరు తగ్గనీయరాదు. లిథియం బ్యాటరీకి నీరు పోయవలసిన పని లేదుగాని, నిండుగా నింపి వేడిలో దినాల తరబడి ఉంచడం దానికి గిట్టదు. కాబట్టి పడమటి ఎండ కొట్టే గోడ ప్రక్కన ఏ బ్యాటరీనీ పెట్టకండి.

ఇక లెక్కకు వద్దాం. 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీని లక్ష రూపాయలకు కొన్నామనీ, అది 4,000 సార్లు పనిచేస్తుందనీ అనుకొందాం. పైకి చూస్తే 20,000 యూనిట్లు. వయసుతో తగ్గే శక్తిని తీసివేస్తే సుమారు 18,000. నింపడంలోనూ తీయడంలోనూ పోయే పదోవంతు కూడా తీసివేస్తే 16,200 మిగులుతుంది. అంటే బ్యాటరీలోనుండి వచ్చే ప్రతి యూనిట్ వెనుక సుమారు 6 రూపాయల అరుగుదల ఉన్నదన్నమాట. ఆ యూనిట్‌ను విద్యుత్ సంస్థ 3 రూపాయలకు కొన్నదనుకోండి: 3 రూపాయలు చేతికి వచ్చినట్లే కనిపిస్తుంది, 6 రూపాయల సొమ్ము అరిగిపోతుంది. కొసరుకు పోయి అసలు పోగొట్టుకోవడమంటే ఇదే. సీసపు బ్యాటరీకి ఈ ఖర్చు ఇంకా ఎక్కువ. అందులోనూ మామూలు ఇన్వర్టరుకు కరెంటును లైనుకు పంపే ఏర్పాటే ఉండదు. అందుకు గ్రిడ్డుతో కలిసి నడిచే ఇన్వర్టరు, రెండువైపులా లెక్కపెట్టే మీటరు, విద్యుత్ సంస్థ అనుమతి కావాలి.

అయితే పగటి సౌరశక్తిని నేరుగా లైనుకు ఇవ్వడం వేరు సంగతి. అందులో బ్యాటరీ అరగదు. నెట్ మీటరింగు ఉన్నచోట పగలు ఇచ్చిన యూనిట్లను రాత్రి వాడిన యూనిట్లలో తగ్గించి బిల్లు వేస్తారు. అక్కడ గ్రిడ్డే మన గాదె. కేంద్రప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ఆరంభించిన సూర్యఘర్ పథకం క్రింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు రు. 78,000 సహాయం ప్రకటించింది. రాష్ట్రానికొక నిబంధన, రేటు ఉంటాయి గనుక మీ విద్యుత్ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది.

మరి అమెరికా అల్లుడు చెప్పినది అబద్ధమా? కాదు. కాలిఫోర్నియాలో 2022లో, కరెంటు కొరత ముంచుకొచ్చిన గంటలలో ఇంటి బ్యాటరీనుండి ఇచ్చిన యూనిట్‌కు 2 డాలర్లు చెల్లించారు. మామూలు ధరకు అది ఎన్నో రెట్లు. అటువంటి ధరకు అరుగుదల పోను లాభమే. కాని ఏడాదిలో ఆ గంటలు ఏపాటి? అక్కడి టెస్లా కంపెనీ తన పవర్‌వాల్ 2 బ్యాటరీకి పదేళ్ళ హామీ ఇస్తూ, ఇంటి సౌరశక్తి దాచుకోవడానికీ కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికీ ఎన్నిసార్లని పరిమితి పెట్టలేదు; ఇతర వాడకాలకు మాత్రం మొత్తం 37,800 యూనిట్లని హద్దు గీసింది. 13.5 యూనిట్ల ఆ బ్యాటరీకి అది 2,800 సార్లు. రోజుకొకసారి పూర్తిగా అమ్మితే ఎనిమిదేళ్ళు నిండకుండానే ఆ హామీ చెల్లిపోతుంది.

డబ్బు లెక్కకు అందని మాట మరొకటి ఉన్నది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద తీరం దాటినప్పుడు బరంపురం ప్రాంతంలో దినాల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వానలకు చెన్నపట్నంలో ఎన్నో పేటలు చీకటిలో, నీటిలో ఉండిపోయాయి. అటువంటి రాత్రి ఇంట్లో ఇన్సులిను వాడే తల్లిగారో, ఆక్సిజను యంత్రం మీద ఉన్న తండ్రిగారో ఉంటే, సాయంత్రమే మూడు రూపాయల చొప్పున బ్యాటరీని ఖాళీ చేసిన సంసారం ఏమి చేయగలదు? సౌరఫలకాలున్నాయిగదా అనుకోరాదు. లైనులో కరెంటు పోగానే గ్రిడ్డుతో కలిసిన ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి చేసిన ఏర్పాటది. ఇంటిని లైనునుండి వేరుచేసి నడిపించే హైబ్రిడ్ ఇన్వర్టరు, నిండిన బ్యాటరీ ఉంటేనే అప్పుడు దీపం వెలుగుతుంది.

కావున బ్యాటరీ అమ్మవచ్చినవానిని ఈ మాటలు అడగండి: హామీ ఎన్నేళ్ళు? మొత్తం ఎన్ని యూనిట్లకు? లైనుకు పంపితే హామీ నిలుస్తుందా? ఎంత శక్తిని ఎప్పుడూ అమ్మకుండా నిలవ ఉంచమని యంత్రానికి చెప్పవచ్చు? జవాబులు నోటిమాటగా కాక కాగితం మీద పుచ్చుకోండి. యూనిట్ అరుగుదలకంటె వచ్చే ధర ఎక్కువైతే మిగులును నిరభ్యంతరంగా అమ్మండి. తక్కువైతే దాచుకోండి. తుపాను వార్త వినబడిన నాడు మాత్రం, ధర ఎంతైనా సరే, ఒక్క యూనిట్ కూడా గడప దాటనీయకండి.