కిడ్నీ కుదిరాక మందులతో కాపురం

తూంకుంటలో ఉంటూ కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషికి టాక్రోలిమస్ లెవెల్ పరీక్ష రోజు, అంటే కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా వేసుకునే ఆ మందు రక్తంలో ఎంతుందో చూసే రోజు, ఓ చిక్కు. రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకుంటే పన్నెండు గంటలు నిండే వేళకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఆ తరవాతే. అందుకని దాన్ని జేబులో వేసుకుని, రాజీవ్ రహదారి మీద అల్వాల్ ట్రాఫిక్ దాటుకుంటూ నగరానికి పోవాలి. అలవాటు కొద్దీ ఇంట్లోనే మింగేస్తే ఆ రిపోర్టు దండగ.

ఇంత పట్టింపు ఎందుకు? మందు చాలకపోతే ఒంట్లోని టి కణాలు కొత్త కిడ్నీని పరాయిదని పసిగట్టి మీద పడతాయి. ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడు చేస్తుంది. రెంటికీ మధ్య ఎడం బహు తక్కువ. పంపరపనస తిన్నా లెవెల్ పెరగొచ్చు. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే అమాంతం పడిపోతుంది.

1983లో అమెరికాలో అనుమతి వచ్చిన సైక్లోస్పోరిన్ మార్పిడి వైద్యాన్ని నిలబెట్టింది. కానీ దాంతో చిగుళ్లు పెరుగుతాయి, ముఖం మీద వెంట్రుకలొస్తాయి. ఇది చిన్న ఇబ్బందేనని పెళ్లీడు పిల్లకు ఎవరు చెప్పగలరు? జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి 1984లో రాబట్టిన టాక్రోలిమస్ ఆ బెడద తప్పించి, చేతుల వణుకూ షుగరూ తెచ్చిపెట్టింది. ఇలాంటి మందులను పోలుస్తూ 1645 మందితో చేసి 2007లో ప్రచురించిన సింఫనీ అధ్యయనంలో కిడ్నీ అందరికన్నా బాగా పనిచేసింది తక్కువ మోతాదు టాక్రోలిమస్ వాడినవాళ్లకే. కొత్తగా షుగరు ఎక్కువగా వచ్చిందీ వాళ్లకే.

తోడుగా ఇచ్చే మైకోఫినొలేట్ కొందరికి విరేచనాలు పట్టిస్తుంది. రోజంతా ఆటో నడిపేవాడికి అది బతుకుతెరువు సమస్య. ఇక స్టెరాయిడ్‌తో ముఖం గుండ్రంగా ఉబ్బితే చుట్టాలు ‘ఒళ్లు చేశావు, బాగున్నావు’ అని మెచ్చుకుంటారు!

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్‌లకు బదులుగా 2011లో అమెరికాలో అనుమతి పొందిన బెలటాసెప్ట్‌ను మొదటి నెలలు దాటాక నెలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. దాంతో ఏళ్ల తరబడి కిడ్నీ సైక్లోస్పోరిన్‌తో కన్నా మెరుగ్గా పనిచేసింది, కానీ మొదటి ఏడాది తిరస్కరణలు ఎక్కువ.

జీవన నాణ్యతను కొలిచే ఎస్ఎఫ్-36 ప్రశ్నావళి మెట్లెక్కగలరా, సరుకుల సంచి మోయగలరా అని అడుగుతుంది. అద్దం చూసుకోబుద్ధి అవుతోందా అని అడగదు. డాక్టరు గదిలోనూ మాట కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌తోనే మొదలై దాంతోనే ముగుస్తుంది. సంతకం పెట్టబోతే చేయి వణుకుతోందని రోగి నోరు తెరిచి చెబితే, లెవెల్ చూసి మోతాదు తగ్గించవచ్చు, రోజుకొక్కసారి వేసుకునే టాక్రోలిమస్ రకానికి మార్చవచ్చు. చెప్పకుండా తనే మాత్రలు ఎగ్గొట్టాడా, ఆ సంగతి ఒక్కోసారి కిడ్నీ దెబ్బతిన్నాక గాని బయటపడదు.