శూన్యముల వేటలో ఐసోగ్రాఫు

ఏ బహుపదికైనను దాని ఘాతమెంతయో అన్ని శూన్యములు, అనగా దాని విలువను సున్న చేయు సంఖ్యలు, సంకీర్ణసంఖ్యలలో ఉండి తీరునని గౌస్ పండితుడు 1799లో ప్రతిపాదించెను. కాని అయిదవ ఘాతము మొదలుకొని వానిని వర్గమూల ఘనమూలాదులతో రాబట్టు సామాన్యసూత్రము లేదని 1824లో ఆబెల్ తేల్చెను. ఉనికి తెలిసియు చిక్కని ఈ శూన్యములు, మాటలను వందల మైళ్ళ తీగలపై నడపవలసిన అమెరికా బెల్ ప్రయోగశాలల ఇంజనీరులకు నిత్యావసరములయ్యెను. ఏలన, ఫిల్టరుల, ఆంప్లిఫయరుల గుణము వాని సమీకరణముల శూన్యములపై ఆధారపడి యుండును.

థార్న్‌టన్ ఫ్రై గణితశాఖకు నాయకుడై యున్న ఆ శాలలలో 1937 నాటికి ఐసోగ్రాఫు అను యంత్రము రూపొందెను. బహుపదిలోని ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క తిరుగుడు చేయి. మొదటి ఘాతపు చేయి ఒకమారు తిరుగునంతలో రెండవది రెండుమార్లు, మూడవది మూడుమార్లు తిరుగునట్లు పళ్లచక్రములను కూర్చిరి. చేతుల అడ్డు, నిలువు కదలికలను కప్పీలపై సాగు తీగలు వేర్వేరుగ సంకలనము చేయగా, ఆ రెండు మొత్తములును కలిసి కాగితముపై ఒక వక్రరేఖయై వెలువడును.

'య' అను చలరాశి వర్గమునకు ఒకటి కూడిన బహుపదినే పరీక్షింతము. 'య' తిరుగు వృత్తమునకు అర ప్రమాణము వ్యాసార్ధ మిచ్చినచో, గీతవృత్తము ఒకటి అను బిందువు కేంద్రముగ, పావు వ్యాసార్ధముతో తిరిగి, మూలబిందువును చేరక వెడలిపోవును. రెండు ప్రమాణము లిచ్చినచో నాలుగు వ్యాసార్ధము గల గీత మూలబిందువును రెండుమార్లు చుట్టివచ్చును. ఎన్ని చుట్లో 'య' తిరిగిన వృత్తములో అన్ని శూన్యములు! వ్యాసార్ధమును సరిగా ఒకటి చేసినప్పుడు గీత మూలబిందువు మీదుగనే రెండుమార్లు పోవును. మొదటి ఘాతపు చేయి 90, 270 అంశములు తిరిగిన ఆ క్షణములే శూన్యముల దిశలు. ఒక్కొక్క శూన్యమును 'య' నుండి తీసివేయగా ఒక్కొక్క కారణాంకము లభించును.

గీతలో దొరకినది ఉజ్జాయింపే గనుక, దానిని లెక్కతో సవరింపవలసియుండెను. ఇట్టి సంకీర్ణసంఖ్యల గుణకార భాగహారములకై ఆ శాలలలోనే జార్జ్ స్టిబిట్జ్ రూపకల్పన చేసిన రిలేయంత్రము 1940 జనవరిలో పనికి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరున అమెరికాలోని హానోవరులో టెలిటైపు మీటలు నొక్కగా న్యూయార్కులోని ఆ యంత్రము జవాబులు పంపెను. తరువాతి ఎలక్ట్రానిక్ గణకములు ఐసోగ్రాఫును నిరుపయోగము చేసినను, దాని అంతస్సూత్రము నిలిచినది: అంతకుముందే 1932లో నైక్విస్ట్ అను ఇంజనీరు చూపిన మార్గమున, ఆంప్లిఫయరు స్థిరత్వమును నిర్ణయింపగోరు ఇంజనీరు నేటికిని ఒక వక్రరేఖ చుట్లనే లెక్కించుచున్నాడు.