సూదిచికిత్స వలన అండము విడుదలగునా?

ఆరోగ్యవతియైన స్త్రీలో ఇంచుమించు నెల కొకసారి అండాశయమునుండి పక్వమైన అండము విడుదలగును. మెదడు అడుగున నున్న పీయూషగ్రంథి పంపు హార్మోనులు ఈ పనిని నడుపును. ఆ హార్మోనుల పాళ్లు తప్పి, పురుష హార్మోను మితిమీరినచో, అండములను పెంచు పుటికలు సగము పెరిగి ఆగిపోవును. అండము సక్రమముగా విడుదల కాదు. ముట్టు నెలల తరబడి రాకపోవచ్చును. ముఖమున మొటిమలు, రోమములు అధికము కావచ్చును. ఆగిపోయిన పుటికలే పరీక్షలో నీటిబుడగలవలె కనిపించును. 1935లో షికాగో వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ వర్ణించిన ఈ రుగ్మతను నేడు పి.సి.ఓ.ఎస్. అందురు.

ఇది మన బాలికలకు దూరపు విషయము కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఆవాస కళాశాలలో 15–18 ఏండ్ల బాలికలను 460 మందిని పరీక్షింపగా, సుమారు 9 శాతము మందిలో ఈ లక్షణములు కనబడినట్లు 2011లో ప్రకటింపబడినది.

దీనికి ఆక్యుపంక్చర్ మేలుచేయునని కొందరి విశ్వాసము. చైనాలో పుట్టిన ఈ ప్రాచీన పద్ధతిలో సన్నని లోహపు సూదులను నిర్ణీత స్థానములలో గ్రుచ్చుదురు. అండాశయమునకు పోవు నాడుల ఉద్రేకమును ఇది తగ్గించునని ఊహ. చికిత్స పిమ్మట కొందరికి అండము విడుదలైన మాట నిజమే. కాని ఈ రుగ్మతగల వారిలో, ఏ చికిత్సయు లేకున్నను, అప్పుడప్పుడు అండము విడుదలగుచుండును. మరి ఫలితము సూదిదో, ప్రకృతిదో తెలియు టెట్లు?

ఎరువు గుణము తెలియవలెనన్న రైతు ఒక మడిలో వేసి, ప్రక్క మడిలో వేయక చూచును. చైనాలో 2012–2015 మధ్య 1000 మంది స్త్రీలపై ఇట్టి పరిశోధనయే జరిగినది. కొందరికి వారమునకు రెండుసార్లు అసలు చికిత్స చేసిరి; తక్కినవారికి వేరు స్థానములలో సూదులను పైపైన గ్రుచ్చిరి. ప్రతి వర్గములోను సగము మందికి అండమును విడుదల చేయించు క్లోమిఫీన్ మందును, సగము మందికి మందులేని ఉత్త మాత్రను ఇచ్చిరి.

ఫలితములు 2017లో వెలువడినవి. అసలు సూదిచికిత్స పొందినవారిలో 21.8 శాతము మంది, నామమాత్రపు చికిత్స పొందినవారిలో 22.4 శాతము మంది బిడ్డలను కనిరి. ఈ స్వల్పభేదమునకు అర్థము లేదు. క్లోమిఫీన్ తీసుకొన్నవారిలో మాత్రము 28.7 శాతము మందికి, ఉత్త మాత్ర తీసుకొన్నవారిలో 15.4 శాతము మందికి ప్రసవమైనది. పైగా అసలు సూదులవలన చర్మము కమలుట ఎక్కువ. అనగా మందు పనిచేసినది, సూది పనిచేయలేదు.

మందులు లేని పద్ధతులన్నియు వ్యర్థమని దీని అర్థము కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనే 90 మంది బాలికలలో కొందరిచే దినమున కొక గంట యోగాభ్యాసమును, తక్కినవారిచే వ్యాయామమును 12 వారములు చేయించి పోల్చిరి. యోగము చేసినవారిలో పురుష హార్మోను ఎక్కువగా తగ్గెననియు, ఋతుక్రమము మెరుగుపడెననియు 2013లో తెలిపిరి. ఇది చిన్న పరిశోధనయైనను, పోలిక గలది.

రజస్వలయైన తొలి యేండ్లలో ముట్టు కొంత క్రమము తప్పుట సహజమే. నెలల తరబడి ఆగినచో సిగ్గుపడక వైద్యుని సంప్రదింపవలెను. మితాహారము, నిత్య వ్యాయామము, బరువు అదుపు అందరికిని మేలు. సంతానము కోరు స్త్రీలకు నేడు వైద్యులు సాధారణముగా మొదట లెట్రొజోల్ అను మందు నిచ్చుచున్నారు. ఏ చికిత్సను ఎవరు పొగడినను, “దేనితో పోల్చి చూచిరి?” అని మొదట అడుగవలెను.